చుక్క పెట్టే కెమెరా

పోయిన వారం రాజమండ్రిలో పని ముగించుకుని, బస్సుకి ఇంకా గంట టైముందని గోదావరి గట్టున నిలబడి నా ఫొటో నేనే తీసుకున్నాను. ఫోను కొత్తది. ఇంటికొచ్చి కళ్ళజోడు పెట్టుకుని చూసుకుంటే నా గడ్డం మీది పుట్టుమచ్చ లేదు. పుట్టిన దగ్గర్నుంచీ మోస్తున్న మచ్చ అది. పదో తరగతిలో పుట్టుమచ్చల గడి నింపడానికి హెడ్మాస్టారు నా గడ్డం పైకెత్తి చూసి మరీ రాసిన మచ్చ. ఈ ఫోను వెనకాల గోదావరిని అలాగే ఉంచింది, పక్కన జాంకాయల బండిని ఉంచింది, బండి మీద వాలిన కాకిని కూడా ఉంచింది. నా మచ్చని మాత్రం మరక అనుకుని, నన్నొక్క మాట అడక్కుండా తుడిచేసింది. ఆ పూటంతా నాకు కాలు నిలవలేదు. అద్దం దగ్గరికి వెళ్ళి అసలుది ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నాను కూడా.

మరకేదో మచ్చేదో తేల్చే పెత్తనం ఒకప్పుడు నా చేతిలో ఉండేది. డిగ్రీ అయ్యాక రాజమండ్రిలో ఆర్నెల్లు డీటీపీ నేర్చుకుని, ఓ నెల్రోజులు సాయం చేసి వస్తానని మండపేటలో మా అక్క వాళ్ళింటికి వెళ్ళి ఐదేళ్ళున్నాను. మా బావకి అక్కడ ఫొటో స్టూడియో. కింద స్టూడియో, పైన ఇల్లు, ఆ పైన డాబా. నేను కంప్యూటర్ ముందు కూర్చుని జనం మొహాల మీద మొటిమలు చెరిపేదాన్ని, పెళ్ళికొడుకుల నెత్తిన జుట్టు మొలిపించేదాన్ని, ఒకరి గుమ్మం ఒకరు తొక్కని తోడికోడళ్ళని ఒకే ఫొటోలో భుజాలు కలిపి నిలబెట్టేదాన్ని. అన్నిటికన్నా ఎక్కువగా చేసిన పని మాత్రం ఒకటుంది. ఒకే ఒక్క చుక్కని నలభై వేల సార్లు చెరిపాను. నలభై వేలంటే మీరు నమ్మరని తెలుసు. పోనీ ముప్ఫైతొమ్మిది వేలనుకోండి.

మా బావ కుదురులేని మనిషి. కుర్చీలో కూర్చుంటే అంచునే కూర్చునేవాడు, ఎవరో వచ్చి లెమ్మంటారేమో అన్నట్టు. చేతిలో స్కూటర్ తాళాలు గలగల్లాడుతూనే ఉండాలి. అన్నం తింటూ తింటూ చారు దగ్గరికొచ్చేసరికి లేచి, ఎంగిలి చేత్తోనే గుమ్మం దాకా వెళ్ళి, ‘వెలుగు బాగుంది’ అనుకుని వచ్చి మళ్ళీ కూర్చునేవాడు. తన పెళ్ళిలో పీటల మీంచి లేచి, ఫొటోగ్రాఫర్ చేతిలో కెమెరా లాక్కుని, తలొంచుకున్న మా అక్కని రెండు ఫొటోలు తీసి వచ్చి కూర్చున్నాడని మా చుట్టాల్లో చెప్పుకుంటారు. నేనైతే కళ్ళారా చూశాననే చెబుతాను. ఆ ముహూర్తానికి నేను జ్వరంతో విడిదింట్లో పడుకుని ఉన్నాననేది వేరే సంగతి. అలాంటి మనిషి కెమెరాలో కన్ను పెట్టాడంటే మాత్రం చేలో కొంగలా నిలబడిపోయేవాడు. చూసేవాళ్ళకి మనిషి ఊపిరి తీస్తున్నాడా లేదా అని అనుమానం వచ్చేది.

మా అక్క నెమ్మది. పాలు పొంగుతున్నా పరిగెత్తేది కాదు, నడిచి వెళ్ళి దింపేది. ఆవిడ భయపడేది ఒక్కదానికే, బావ మౌనానికి. బావ తిట్టడు, విసరడు, తలుపులు ధడాలున వెయ్యడు. కోపమొస్తే మాట్లాడ్డం మానేస్తాడు. రీలు కెమెరా రోజుల్లో, నేను ఇంకా కాలేజీలో ఉండగా, ఓసారి అక్క దుమ్ము తుడుద్దామని కెమెరా వెనక తలుపు తెరిచిందట. లోపల ఎవరిదో గృహప్రవేశం ఉంది. గోవు గడప దాటడం, పాలు పొంగడం, ఆడపడుచులకి బట్టలు పెట్టడం, అంతా వెలుగు తగిలి తుడిచిపెట్టుకుపోయింది. బావ ఒక్క మాటా అనలేదు. ఆ ఒక్క మాటా అనకపోవడం కార్తీకమాసం మొత్తం సాగింది. “ముప్ఫై రోజులే! పెడితే తినేవారు, ఇస్తే తాగేవారు. గోడకి వండి పెట్టినట్టుండేది” అని అక్క నాతో ఎన్నిసార్లు చెప్పిందో. చెప్పినప్పుడల్లా కొంగు వేలికి చుట్టుకునేది.

రెండువేల సంవత్సరం దాటిన మూడు నాలుగేళ్ళకి బావ హైదరాబాదు వెళ్ళి డిజిటల్ కెమెరా తెచ్చాడు. లెన్సు ఊడదీసి మార్చుకునే పెద్ద కెమెరా, ఆరు మెగాపిక్సెళ్ళది. మా వీధిలో మెగాపిక్సెల్ అంటే ఏంటో ఎవరికీ తెలీదు గానీ, ఆరు అనగానే అందరూ గౌరవంగా తలూపారు. ఎదురింటి గుమాస్తాగారు వచ్చి, “ఫిలిం ఎక్కడ వేస్తారండి?” అనడిగారు. వెయ్యక్కర్లేదన్నాడు బావ. “మరి ఫొటో ఎక్కడుంటుందండి?” “లోపలేనండి.” ఆయన వంగి చాలాసేపు లోపలికి తొంగిచూసి, ఏమీ కనపడకపోయినా “బాగుందండి” అని వెళ్ళిపోయారు.

మా వైపు ఇంటికొచ్చిన వస్తువు ఏదైనా సరే, బొట్టు పెట్టించుకోకుండా పనిలోకి దిగదు. ట్రాక్టరు, కుట్టుమిషను, గ్రైండరు, ఆఖరికి స్టూడియోలో నా కంప్యూటర్ కూడా నుదుట పసుపూ కుంకుమలతోనే పనిచేసేవి. బావ కెమెరా నుంచి లెన్సు ఊడదీసి, రెండిటికీ విడివిడిగా పూజ జరగాలని రెండూ దేవుడి ముందు పళ్ళెంలో పెట్టాడు. అప్పుడు గుర్తొచ్చింది, కొబ్బరికాయ లేదని. తనే కొట్టుకి పరిగెత్తాడు. అక్క ఒక్కతే కుంకుమ భరిణె పట్టుకుని కెమెరా ముందు నిలబడింది. ఆ ఐదు నిమిషాల్లో ఏం జరిగిందో నాకు రెండు నెలల తరవాత గానీ తెలియలేదు.

రెండు నెలల తరవాత బావ కోరుకొండ వెళ్ళి, మంచి ఎండలో కింద నుంచి కొండనీ మెట్లనీ పైన నరసింహస్వామి గుడినీ తీసుకొచ్చాడు. కంప్యూటర్లో తెరిచి చూస్తే, ఆకాశంలో, గుడికి కుడిపక్కన, కందిగింజంత మసక చుక్క.

“గద్దేమో బావా” అన్నాను.

“పదకొండు ఫొటోల్లోనూ ఒకే చోట ఎగురుతోందా, ఆ గద్ద?” అన్నాడు బావ. తాళాల చప్పుడు ఎక్కువైంది.

కాఫీ తెచ్చిన అక్క తెర వైపు చూసింది. గ్లాసు బల్ల మీద పెట్టి, “ఒకసారి పైకి రావే” అంది నాతో, గొంతు తగ్గించి. వంటింట్లోకి వెళ్ళగానే నా చెయ్యి పట్టుకుంది.

“ఆ చుక్క నేనేనే.”

“నువ్వేంటక్కా?”

“కెమెరాకి నుదురెక్కడుందో తెలిసి చావలేదు. పైనంతా మీటలు. ముందుకి చూస్తే నోరు తెరుచుకుని ఉంది. లోపల చిన్న అద్దం కనిపించింది. సరే, అద్దానికి పెడితే మొహానికి పెట్టినట్టే కదా అనుకున్నా.”

“పెట్టేశావా?”

“పెట్టాక భయమేసింది. కొంగుతో తుడిచేశా. మొత్తం పోయిందే, నీ మీదొట్టు.”

మొత్తం పోలేదు. ఫొటో తీసినప్పుడల్లా ఆ అద్దం తలుపులా ఠపీమని పైకి లేస్తుంది. అంచున మిగిలిన కుంకుమ ఎగిరి, దాని వెనక ఫిలిం బదులుండే సెన్సార్ మీద పడి అతుక్కుంది. రీలు కెమెరాలో అయితే ఏమీ అయ్యేది కాదు. అందులో ఫొటో ఫొటోకీ కొత్త ముక్క ముందుకొస్తుంది, బంతి బంతికీ కొత్త విస్తరి వేసినట్టు. దీనికి జన్మంతా ఒకటే కంచం. పైగా నీడలో తీస్తే చుక్క కనిపించదు, ఎండలో లెన్సు తన కన్ను చిన్నది చేసుకున్నప్పుడే బయటపడుతుంది. ఇదంతా నాకు అప్పుడే తెలుసని బుకాయించను, చాలా తరవాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా అక్క చెయ్యి చల్లగా ఉందని. “మీ బావతో అనకే. ఆ మనిషి మళ్ళీ మాట్లాడ్డం మానేస్తే ఈసారి నావల్ల కాదు” అంది. అననని ఒట్టేశాను. అబద్ధమాడటం నాకెలాగూ సరదా. దానికి ఒట్టు కూడా తోడైతే ఇంకేం కావాలి?

బావకి ఇక ఒకచోట కాలు నిలిస్తే ఒట్టు. మొదట ఊళ్ళో రైసు మిల్లుల మీద పడ్డాడు. మండపేట గాలిలో ఊక బూడిద ఎప్పుడూ ఉంటుంది, డాబా మీద తెల్లచొక్కా ఆరేస్తే సాయంత్రానికి అది చుక్కల చొక్కా. స్టూడియో కిటికీలన్నిటికీ తడి గోనెపట్టాలు కట్టించాడు. వచ్చినవాళ్ళు బెల్లం గిడ్డంగి అనుకుని వెనక్కి వెళ్ళిపోయారు. చుక్క మాత్రం వెళ్ళలేదు. గాలి కొట్టే రబ్బరు బుడ్డి తెచ్చి కెమెరా నోట్లో ఊదాడు. అద్దం శుభ్రపడింది, వెనకున్నది వెనకే ఉంది. చివరికి అనుమానం తన కళ్ళ మీదికి మళ్ళింది. “ఎండలోనే కనపడుతోంది, ఇంట్లో కనపడ్డం లేదు. ఇది కంటి జబ్బేనమ్మా మరదలా” అన్నాడు. “నాకూ కనపడుతోంది కదా బావా” అంటే, “నీకూ అంటుకుందేమో” అన్నాడు, నవ్వకుండా. కాకినాడ వెళ్ళి కళ్ళలో మందు వేయించుకుని, దారి కనపడక బస్టాండులో మూడు గంటలు కూర్చుని వచ్చాడు. డాక్టరుగారు జబ్బేమీ లేదు, చత్వారం అని కళ్ళద్దాలు రాసిచ్చారు. ఆ అద్దాలు పెట్టుకుని చూస్తే చుక్క ఇంకా స్పష్టంగా కనిపించింది. కెమెరాకి అది పుట్టుమచ్చేనని తేల్చేసి, చెరిపే పని నాకు అప్పగించాడు. అక్క రెండు మూడుసార్లు చెప్పబోయింది. బావ మొహం చూసి, చెప్పాల్సిన మాటని కాఫీగా మార్చి ఇచ్చేది.

నేను చెరపడం మరిచిపోయింది ఒక్కసారే. రైసు మిల్లు వారి పెద్దావిడ ఉండేవారు, ఊరంతా ఆవిడని మిల్లు మామ్మగారనే పిలిచేవారు. ఆవిడ మనవడిని, నూనె రాసి నీళ్ళుపోశాక, మిల్లు ముందు వడ్లు ఆరబోసే గచ్చు మీద దుప్పటి వేసి పడుకోబెడితే, లేత ఎండలో బావ ఫొటోలు తీశాడు. నేను తొందరలో ఒకటి అలాగే ప్రింటుకి పంపేశాను. మామ్మగారు స్టూడియోలోనే కవరు విప్పి, ఫొటో దూరంగా పట్టుకుని చూశారు.

“ఏంటమ్మా ఇది, మావాడి బుగ్గ మీద?”

బావ చేతిలో తాళాలు ఆగిపోయాయి. మెట్ల మీద అక్క ఉంది. ఆవిడ మొహం చూశాక నా నోరు దానంతటదే తెరుచుకుంది.

“దిష్టిచుక్కండి మామ్మగారూ.”

“నేను పెట్టలేదే?”

“కెమెరా పెట్టిందండి. జపాను కెమెరా కదండీ. వాళ్ళకి దిష్టి మీద మనకన్నా పట్టింపెక్కువండి. మొహం మరీ ముద్దుగా ఉందనుకోండి, అదే పెట్టేస్తుందండి. అందరికీ పెట్టదండి.”

మామ్మగారు అటూ ఇటూ చూసి, నా దగ్గరికి వంగారు. “మా తోడికోడలి మనవడికి పెట్టిందా?”

“ఆ బాబుని పదిసార్లు తీశామండి. ఒక్కసారీ పెట్టలేదండి.”

అంతే. ఆవిడ ఆ ఫొటోకి ఫ్రేము కట్టించమన్నారు. నెల తిరిగేసరికి చంటిపిల్లల తల్లులు వరసకట్టారు. తుని నుంచి కూడా వచ్చారు. ఒకాయన కొత్త ట్రాక్టరు తోలుకొచ్చి దానికి చుక్క పడేదాకా కదలనన్నాడు. ఇంకొకాయన తన అరటి గెలని తీసుకొచ్చాడంటే మీరు నమ్మరు, అందుకని ఆయన సంగతి వదిలేస్తాను. చుక్క సరిగ్గా బుగ్గ మీద పడేట్టు పిల్లని ఎండలో ఎక్కడ కూర్చోబెట్టాలో నేను నేర్చుకున్నాను. అక్క మెట్ల మీద నిలబడి కొంగు నోట్లో కుక్కుకునేది, అది నవ్వో భయమో ఆవిడకే తెలిసేది కాదు. బావకి మాత్రం అది చిన్నతనంగా ఉండేది. “ఇరవై ఏళ్ళు వెలుగు పట్టుకోవడం నేర్చుకున్నానమ్మా. ఊళ్ళో నా పేరు మరక పేరు అయిపోయింది” అనేవాడు. ఆ మాటన్న రోజు ఊళ్ళో స్కూటరు మీద ఊరికే తిరిగొచ్చేవాడు.

అలా నాలుగేళ్ళు గడిచాక రెండో కెమెరా కొన్నాడు. ఇది పన్నెండు మెగాపిక్సెళ్ళది. అక్క ఈసారి కెమెరా దగ్గరికి కూడా రాలేదు. అట్టపెట్టెకి బొట్టు పెట్టి ఊరుకుంది.

“ఏంటి, పెట్టెకి పెట్టావు?” అన్నాడు బావ.

“పెట్టె కూడా కొత్తదే కదండీ” అంది అక్క.

ఆదివారం పొద్దున్నే బావ రెండు కెమెరాలనీ డాబా మీదికి తీసుకెళ్ళి, రెండు స్టూళ్ళ మీద పక్కపక్కన పెట్టాడు. ఏది ఏపాటిదో తేల్చాలి. నీళ్ళ ట్యాంకు, ఆరేసిన చీర, వడియాలు, నా మొహం, అన్నిటినీ దానితో ఒకటి, దీనితో ఒకటి తీశాడు. పాతదాని చప్పుడు ఇనప్పెట్టె మూసినట్టుండేది, కొత్తది గుటక వేసినట్టు. పాతదాని వెనక తెర అగ్గిపెట్టంత, కొత్తదాని తెర పోస్టుకార్డులో సగం. నీడలోకి వెళితే పాతది ఇసక చల్లినట్టు గరగరలాడిపోయేది, కొత్తది చీకటి గదిలో కూడా ఏమీ ఎరగనట్టు తీసేది. మనుషుల మొహాల దగ్గర మాత్రం నేను పాతదాని పక్షమే. అది మనిషిని పసుపు రాసుకుని స్నానం చేసొచ్చినట్టు చూపించేది. కొత్తది సబ్బుతో కడిగి తుడవడం మరిచిపోయినట్టు. అన్నిటికన్నా వింత, కొత్తది ఆన్ చెయ్యగానే లోపల సన్నగా వణికేది, గేదె ఈగల్ని తోలడానికి చర్మం కదిలించినట్టు. సెన్సార్ మీద పడిన దుమ్ము దులుపుకుంటోందని దాని పుస్తకంలో రాసి ఉంది.

ఆ పేజీ దగ్గర బావ ఆగిపోయాడు. తెల్ల దుప్పటిని ఎండలో గోడకి కట్టి, రెండిటితో ఒక్కొక్కటి తీశాడు. కొత్తదాంట్లో తెల్లదుప్పటి. పాతదాంట్లో తెల్లదుప్పటీ, చుక్కా. మళ్ళీ పుస్తకం చదివాడు. నాలుగేళ్ళుగా ముట్టుకోవడానికి భయపడిన పాతదాని అద్దాన్ని, అందులో చెప్పినట్టే పైకి లేపి ఉంచి, రీళ్ళు చూసే భూతద్దం పెట్టి లోపలికి చూశాడు. దూది చుట్టిన పుల్ల కొస లోపలికి పోనిచ్చి బయటికి తీశాడు. దూది ఎర్రగా ఉంది. వాసన చూశాడు. నేను మెట్ల వైపు జరిగాను.

“మీ అక్కని పిలు.”

అక్క తడి చేతులతో వచ్చింది. బావ పుల్ల చూపించి, “ఏంటిది?” అన్నాడు. మా ఇంట్లో అబద్ధం ఆడటం నా ఒక్కదానికే వచ్చు.

“కుంకుమండి” అంది అక్క.

“ఎప్పుడు?”

“తెచ్చిన రోజే.”

బావ నా వైపు తిరిగాడు. “నీకు తెలుసా?”

“ఓ నాలుగేళ్ళుగా తెలుసు బావా” అన్నాను, నవ్వించబోయి. నవ్వలేదు. తడి గోనెలు, కాకినాడ బస్టాండు, కళ్ళలో మందు, తునివాళ్ళు, అన్నీ ఒకదాని వెనక ఒకటి ఆయన మొహం మీద నడిచి వెళ్ళడం చూశాను. రెండు కెమెరాలూ సంచీలో పెట్టుకుని కిందికి దిగిపోయాడు.

ఆ మధ్యాహ్నం నుంచే మొదలైంది. “మీ అక్కని కాస్త ఉప్పు వెయ్యమను” అనేవాడు, అక్క ఉప్పు డబ్బా పట్టుకుని రెండడుగుల దూరంలో నిలబడి ఉండగా. “అక్కా, ఉప్పట” అనేదాన్ని నేను. “సరిపోయిందేమో కనుక్కో” అనేది అక్క. నా మీద కోపం లేదా అంటే, ఉండే ఉంటుంది. కానీ నాతో కూడా మానేస్తే ఉప్పెవరడుగుతారు? మొదటి రెండు రోజులూ నాకు సరదాగానే ఉంది. మధ్యలో నా మాటలు కూడా కలిపేదాన్ని, బావ కూర అద్భుతమంటున్నాడనీ, అక్క మీకోసం గారెలు వండుతానంటోందనీ. ఇద్దరూ నమ్మలేదు, గారెలూ రాలేదు. ఐదో రోజుకి నాకే విసుగొచ్చింది. ఎనిమిదో రోజుకి భయమేసింది, ఎందుకంటే తాళాల చప్పుడు ఆగిపోయింది. బావ కుర్చీలో వెనక్కి జారగిలబడి కూర్చున్నాడు. కుదురులేని మనిషి కుదురుగా కూర్చుంటే, ఆ కుదురులేనితనమంతా ఇంట్లో మిగతావాళ్ళకి పట్టుకుంటుంది. నేను మెట్లెక్కుతూ దిగుతూ ఉండేదాన్ని. అక్క తోమిన గిన్నెలే తోమేది. పదో రోజున అటక మీంచి పెద్ద సంచీ దింపి, దుమ్ము దులిపి, గోడకి ఆనించింది. “ముప్ఫై దాకా నేను లెక్కపెట్టనే. ఈసారి మనూరు పోతా” అంది. అక్క ఉత్తినే అనే మనిషి కాదు.

పన్నెండో రోజు పొద్దున్న మిల్లు మామ్మగారు కారు దిగారు. చేతిలో కొత్త మనవరాలు, మూడో నెల. “ఆ చుక్క పెట్టే కెమెరాతోనే తియ్యాలి బాబూ. కొత్తదేదో తెచ్చావట, అది మాకొద్దు” అన్నారు వస్తూనే.

పాత కెమెరా అప్పటికి కడిగిన కంచంలా ఉంది. “మామ్మగారూ, ఆ కెమెరాకి ఈ నెలంతా మైలండి...” అని నేను మొదలుపెట్టాను.

“నువ్వుండమ్మా” అన్నాడు బావ. “చుక్క పెట్టింది కెమెరా కాదండి. మా ఇంటావిడండి.” అద్దం, కుంకుమ, కొంగు, మొత్తం చెప్పేశాడు. మెట్ల మీద అక్క కదలకుండా నిలబడి వింది. ఉప్పూ పప్పూ కాకుండా, పన్నెండు రోజుల్లో బావ ఆవిడ గురించి మాట్లాడింది అదే, అది కూడా ఇంకొకరితో. మామ్మగారు అంతా విని, నా వైపు తిరిగారు.

“అయితే జపాను వాళ్ళకి దిష్టి లేదన్నమాట.”

“కొద్దిగా ఉంటుందండి” అన్నాను.

“నీ నోరుందే!” అని, ఆవిడ మెట్ల వైపు చూశారు. “ఇలా రా అమ్మా. ఆ చేత్తోనే పెట్టు. నాలుగేళ్ళ నుంచీ మావాడికి జలుబు కూడా చెయ్యలేదు. చెయ్యి మంచిదయ్యాక, మధ్యలో కెమెరా ఎందుకు?”

అక్క బావ వైపు చూసింది. బావ కెమెరా వైపు చూస్తున్నాడు. అక్క కాటుక డబ్బాలో ఉంగరపు వేలు అద్ది, పాప బుగ్గ మీద ఆనించింది. గట్టిగా అదమడంతో చుక్క పెద్దదే పడింది, చిన్న రేగుపండంత. వెంటనే పైకి వెళ్ళిపోయింది. బావ వంగి, కొంగలా నిలబడి, పాతదానితో ఒకటి తీశాడు, కొత్తదానితో ఒకటి తీశాడు.

రెండు ఫొటోలనీ తెర మీద పక్కపక్కన తెరిచాను. బావ నా కుర్చీ వెనక నిలబడ్డాడు. పాతదాంట్లో పాప వెన్నముద్దలా ఉంది, చుక్క మెత్తగా నల్లగా ఉంది. దగ్గరికి తెచ్చేకొద్దీ గళ్ళుగళ్ళుగా విడిపోయింది. కొత్తదాంట్లో కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. దాన్నీ దగ్గరికి తెచ్చాను. ఇంకా దగ్గరికి. చుక్క లోపల గీతలు కనిపించాయి, సన్నగా, గుండ్రంగా, ఒకదాని చుట్టూ ఒకటి. అక్క వేలిముద్ర. ఆ గీతలన్నిటినీ తెంపుకుంటూ అడ్డంగా ఒక వంకర గీత, కాటుక అంటకుండా, ఈ చివర నుంచి ఆ చివరకి.

“ఇదేంటి?” అన్నాడు బావ.

“ఫొటోలో లోపం కాదు బావా. వేలి మీద ఉన్నదే” అన్నాను. ఇంకేమీ కలపాలనిపించలేదు.

బావ మెట్లెక్కాడు. నేనూ వెనకే వెళ్ళాను, నాకు వేరే పనేముంది? అక్క వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని సొరకాయ తరుగుతోంది. బావ ఆవిడ ఎదురుగా గొంతుక్కూర్చుని చెయ్యి చాపాడు.

“వేలు చూపించు. ఎప్పుడు తెగిందే?”

అక్క అలవాటుగా నా వైపు చూసింది, నేను అందిస్తానేమోనని. నేను నోరు మూసుకున్నాను.

“నాలుగేళ్ళు దాటిందండి. గుమ్మడికాయ కోస్తుంటే. మూడు కుట్లు పడ్డాయి. ఇది అప్పుడు ఊరెళ్ళింది, నేనే రిక్షా ఎక్కి వెళ్ళి వేయించుకొచ్చాను.”

“నాకు చెప్పలేదేం?”

“చెప్పానండి. రక్తం కారుతుంటే కొంగు చుట్టుకుని వచ్చి చెప్పాను. మీరు ఆ పాత కెమెరా పుస్తకం చదువుకుంటున్నారు. ఊఁ అన్నారు.”

బావ ఆ వేలు కిటికీ వెలుగు వైపు తిప్పి చూశాడు. కింద నుంచి మామ్మగారు “ఏవమ్మా, అయిందా?” అని రెండుసార్లు పిలిచారు. కాసేపటికి బావ కత్తిపీట తన వైపు తిప్పుకుని, సగం తరిగిన సొరకాయ అందుకున్నాడు. ముక్కలు ఒకటి అరచేయంత, ఒకటి అగ్గిపుల్లంత. “అలా కాదండీ” అంది అక్క. “మరెలా?” అన్నాడు బావ.

నేను కిందికొచ్చి, మామ్మగారికి కంప్యూటర్ వేడెక్కిందని ఇంకో అబద్ధం చెప్పి కూర్చోబెట్టాను. పైనుంచి మాటలు వినపడుతూనే ఉన్నాయి, ఆ పన్నెండు రోజులవీ, అంతకు ముందు నాలుగేళ్ళవీ. కెమెరా కన్ను తెరిచి మూసేది సెకనులో నూటపాతికో వంతు సేపు, ఆ కాస్తలోనే ఎదుటి మనిషిని ఉన్నదున్నట్టు చూసేస్తుంది. మనకి, రోజూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తింటూ కూడా, ఒక్కోసారి నాలుగేళ్ళు పడుతుంది.